వీధికో గొంతు

మైకు పిన్ని ఒకసారి టేబుల్ ఫ్యాన్ల గురించి ప్రకటన చేస్తే విన్న వీధంతా జలుబు చేసి మంచమెక్కింది. ఎండ మాడు పగలగొడుతున్న రోజులవి. ఆమె మైకులో "చల్లటి గాలి, ఒంటికి తగిలీ తగలనట్టు..." అని సాగదీసిందో లేదో, కిటికీలు టపటపా మూసుకున్నాయి, పిల్లలు తుమ్మడం మొదలుపెట్టారు, కాంపౌండరుగారి భార్య పెట్టె అడుగునుంచి శాలువా తీసి కప్పుకుంది.

సరే, వీధంతా అంటే కాస్త ఎక్కువే. నాలుగిళ్ళు అనుకోండి. ముందురోజు ఒక జల్లు పడిందని, తుమ్మిన పిల్లలు ఆ జల్లులో గంతులేసినవాళ్ళేనని చెప్పేవాళ్ళు కూడా లేకపోలేదు. కానీ శాలువా సంగతి మాత్రం నిజం. కళ్ళారా చూసినవాళ్ళున్నారు. కాంపౌండరుగారే చూశారు, అయితే ఆయన ఇంట్లో జరిగేవి బయట చెప్పరు.

మైకు పిన్ని అసలు పేరు ఆమె మొగుడికే ఆలోచిస్తే తప్ప గుర్తురాదు. చిన్నా పెద్దా అందరికీ ఆమె పిన్నే. మూడు చక్రాల బండి, దాని నెత్తిన రెండు స్పీకర్లు, ముందు సీట్లో బండి తోలే మొగుడు, వెనక స్టూలు మీద ఆమె. చేతిలో మైకు, మైకు చుట్టూ జేబురుమాలు. రుమాలు లేకపోతే గట్టి అక్షరాలు స్పీకర్లలో టపాకాయల్లా పేలతాయి. కొట్టువాళ్ళు సరుకేమిటో చెబుతారు, దాన్ని ఎలా చెప్పాలో ఆమె చూసుకుంటుంది. బండి మనిషి నడిచినంత నెమ్మదిగా పోవాలి. మలుపు రాగానే మొగుడు బండి తలుపు మీద రెండు దెబ్బలు కొడతాడు. గొంతు మార్చమని దానికి అర్థం.

ఎందుకంటే ఆమె దగ్గర మూడు గొంతులుండేవి. మొదటిది పెద్దమనిషి గొంతు. రిటైరైన ఆఫీసర్లు, పెన్షను తీసుకునే మేష్టర్లు ఉండే వీధిలో దాన్ని బయటికి తీసేది. రెండోది అమ్మ గొంతు, చంటిపిల్లల బట్టలు ఆరేసి ఉండే వీధులకి. మూడోది లెక్కల గొంతు. అది గుమస్తాల క్వార్టర్లకి. వాళ్ళు కన్నీళ్ళకి కరగరు, పెద్దల మాటకి తలవంచరు, ఎవరైనా కూడిక చేసి చూపిస్తే మాత్రం ఇట్టే పడిపోతారు.

నీళ్ళ ఫిల్టర్లు అమ్మినప్పుడు చూడాలి ఆమె పనితనం. పెన్షను వీధిలో నిదానంగా, మాటకీ మాటకీ మధ్య గొంతు సవరించుకుంటూ, ఆసుపత్రి పెద్ద డాక్టరుగారింట్లో ఉన్న ఫిల్టరు ఇదేనని చెప్పింది. అబద్ధం కాదు. ఉంది. అట్టపెట్టె విప్పకుండా మెట్లకింద ఉంది, అంతే తేడా. పక్క వీధిలో ఫిల్టరు మాటే ఎత్తలేదు. "నిన్న మీ బుజ్జిగాడు కడుపు పట్టుకుని ఏడ్చాడా తల్లీ?" అని అడిగి, కాసేపు ఊరుకుంది. ఏదో ఒకదానికి ఏడవని బుజ్జిగాడు ఏ ఇంట్లో ఉంటాడు గనక? తల్లులు ఒక్కొక్కరే గుమ్మాల్లోకి వచ్చారు. ఇక గుమస్తాల క్వార్టర్లలో నీళ్ళు కాచడానికి పట్టే గ్యాసు, చల్లారడానికి పట్టే సమయం, వడకట్టడానికి అరిగే గుడ్డ, అన్నీ కలిపి, గుణించి, ఎంత వేగంగా చెప్పిందంటే, హెడ్ గుమస్తా అందులో తప్పు పట్టుకునేలోపు బండి మలుపు తిరిగిపోయింది. మర్నాడు అందరికంటే ముందు ఫిల్టరు కొన్నది ఆయనే. లెక్క సరిచూడ్డానికేనట.

ఒక్క వీధిలో మాత్రం ఆమె మైకు నోటిదాకా తెచ్చుకోదు. అది తను కాపురముండే వీధి. మైకు పట్టినవాళ్ళందరూ పాటించే నియమమే అది. పాలవాడితో గీచులాడిన గొంతు, పిల్ల మీద కేకలేసిన గొంతు అక్కడందరూ విన్నదే. అదే గొంతు వెళ్ళి "మాన్యులారా" అంటే ఎవరు నమ్ముతారు? అందుకని సొంత వీధిలోకి రాగానే మైకు కట్టేసి, ఒళ్ళో పెట్టుకుని, నోట్లో నాలుక లేనిదానిలా ఇంటికి చేరేది.

ఇంట్లో కిటికీ పక్క కుర్చీలో ఆమె తండ్రి కూర్చుని ఉండేవాడు. ఆయన గడియారాల మెకానిక్. బజారులో పడమరవైపు కొట్టు ఆయనది. కొట్టు కట్టేసి వచ్చాక ఆయన చేసే పని ఒక్కటే, ఏ మూలనుంచో గాలిలో తేలివచ్చే కూతురి గొంతు వినడం. అది ఏ గొంతో, ఎక్కడ జారిందో, ఎక్కడ అతి చేసిందో ఆయనకి ఇట్టే తెలిసిపోయేది. ఆమె బండి దిగి కాళ్ళు కడుక్కునేలోపే తీర్పు వచ్చేసేది. "గుమస్తాల దగ్గర 'పైగా' అన్న మాట ఎక్కువైందమ్మాయ్. ఒకసారి అంటే పైగా. మూడుసార్లంటే ప్రాధేయపడ్డం." ఆమె మూతి ముడుచుకునేది. మర్నాడు మాత్రం ఒకసారే అనేది.

ఆయన చెవులు అలాంటివి. కళ్ళ సంగతి వేరు. అది బడి గడియారం వల్ల బయటపడింది.

హెడ్మాస్టరు గదిలోని గోడ గడియారం బాగుకొచ్చింది. ఆయన దాన్ని విప్పి, తుడిచి, నూనె వేసి, చెవి దగ్గర పెట్టుకుని విని, శభాష్ అనుకుని, ముళ్ళు బిగించి మధ్యాహ్నానికల్లా పంపేశాడు. లోపలి యంత్రం భేషుగ్గా ఉంది. గంటల ముల్లు మాత్రం ఒక అంకె ముందుకెళ్ళి కూర్చుంది. ఆ గడియారం చూసి బెల్లు కొట్టే ప్యూను ఆ సాయంత్రం గంట ముందే ఇంటి బెల్లు కొట్టేశాడు. పిల్లలు పోయారు. మేష్టర్లూ పోయారు, ఒక్కరంటే ఒక్కరు తమ చేతి గడియారం వంక చూసుకున్న పాపాన పోలేదు. తల్లులు వచ్చి నిలదీశాక హెడ్మాస్టరు గడియారాన్ని చంకన పెట్టుకుని కొట్టుకి వచ్చాడు.

ముసలాయన దాన్ని మొహానికి ఆనించుకుని చూసి, "ఈమధ్య అంకెలు మరీ చిన్నవిగా వేస్తున్నారండీ," అన్నాడు.

అంకెలు ఒక్కొక్కటీ నిమ్మకాయంత ఉన్నాయి.

మైకు పిన్ని ఆ వారమే ఆయన్ని కళ్ళ డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. రెండు కళ్ళలోనూ పొర ఉంది, కుడికంటిది బాగా ముదిరిపోయింది, నెలలోపు తీయించకపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది, ఆ తర్వాత తీసినా చూపు రాదు అని డాక్టరమ్మ వివరంగా చెప్పింది. ఆయన మర్యాదగా విని, లేచి, కండువా దులుపుకుని, తన కళ్ళకి ఏమీ కాలేదని, తను గడియారాల్ని చెవితో బాగుచేస్తానని చెప్పి బయటికి వచ్చేశాడు. వస్తూ వస్తూ తలుపనుకుని బీరువా తెరిచాడు.

మైకు పిన్ని లెక్క వేసుకుంది. చూపు పోతే కొట్టు పోతుంది. కొట్టు పోతే ఆయన రోజంతా ఆ కుర్చీలోనే. సాయంత్రం పూట ఆ కుర్చీలో కూర్చున్న నాన్న వేరు, పొద్దుటినుంచీ కూర్చున్న నాన్న వేరు. ఆ రెండో ఆయన్ని ఊహించుకోవడానికి కూడా ఆమె ఒప్పుకోలేదు. మనసు గట్టిచేసుకుంది. ఊరంతటికీ ఫిల్టర్లు అంటగట్టినదాన్ని, ఒక్క ముసలాయనకి ఆయన కన్నే అమ్మలేనా అనుకుంది.

మొదట పెద్దమనిషి గొంతు తీసింది. పొద్దున్నే కాఫీ గ్లాసు చేతికిస్తూ, నిదానంగా, "ఆసుపత్రి పెద్ద డాక్టరుగారు కూడా ఈవిడ దగ్గరే చేయించుకున్నారట నాన్నా," అంది.

"పెన్షను వీధి," అన్నాడాయన కాఫీ ఊదుకుంటూ. "ఆయనింట్లో ఫిల్టరు కూడా ఉంది కదూ?"

రెండు రోజులు ఆగి అమ్మ గొంతు తీసింది. పిల్లని తెచ్చి ఆయన ఒళ్ళో కూర్చోబెట్టి, మనవరాలి మొహం కూడా కనబడని రోజు వస్తే ఏం చేస్తావు నాన్నా అని అడిగి, ఊరుకుంది. ఆయన మనవరాలి తల నిమురుతూ కాసేపు ఆలోచించాడు. ఆ తర్వాత, ఆ ఊరుకోవడం ఇంకాస్త పొడుగుంటే బావుండేదని, చంటిపిల్లల వీధిలో ఇంతకన్నా బాగా చేస్తావని చెప్పాడు. ఆమెకి కళ్ళు తడిశాయి. ఈసారి ఏడుపు నిజమే. కానీ నిజం ఏడుపు ఇదీ అని చెప్పడానికి ఆమె దగ్గర వేరే గొంతు లేదు. ఉన్నవన్నీ వీధులకి పంచేసింది.

మూడో ప్రయత్నం మొగుడికి అప్పగించింది. అల్లుడి మాట కాదనడానికి మొహమాటపడతాడని ఆశ. అతను పాపం పద్ధతిగా కూర్చుని, ఆపరేషన్‌కి ఒక పూట, విశ్రాంతికి ఇన్ని రోజులు, ఆ తర్వాత చూపుతో గడిపే ఏళ్ళు ఇన్ని అని చెప్పబోతూ, అలవాటు చొప్పున ముందు కుర్చీ చేతి మీద రెండు దెబ్బలు కొట్టాడు.

"కొట్టకయ్యా అల్లుడూ," అన్నాడు మామగారు. "గొంతు మారిందని నాకు తెలుస్తూనే ఉంది."

అల్లుడు తోక ముడిచి బండి తుడుచుకోవడానికి పోయాడు. ముసలాయన కూతుర్ని పిలిచి, ఎదురుగా కూర్చోమన్నాడు. కోపంగా ఏమీ లేడు.

"అమ్మాయ్, నీ పప్పులు నా దగ్గర ఉడకవు. నాకేసి తిరిగి ఎవరైనా ఒక మాట అన్నారంటే, అందులో ఏదో అమ్మకం ఉందని నాకు తెలుసు. నువ్వే నేర్పావు. ఇంక గొంతు అరగదీసుకోకు."

ఆమె లేచింది. డాక్టరమ్మ ఇచ్చిన గడువులో సగం అప్పటికే కరిగిపోయింది. వంటింట్లో గిన్నెలు తోముతున్నంతసేపూ ఆ మాటే చెవిలో జోరీగలా తిరిగింది. నాకేసి తిరిగి అంటే అమ్మకం. మరి ఆయనకేసి తిరగకుండా అంటే?

పడమరవైపు కొట్టుకి సరిగ్గా ఎదురుగా, తూర్పువైపున ఇంకో గడియారాల కొట్టుంది. దాని యజమానిని అందరూ స్క్రూ మింగినాయన అంటారు. ఇద్దరూ ఒకే గురువు దగ్గర ఒకే బల్ల మీద పని నేర్చుకున్నవాళ్ళు. ఆ రోజుల్లో ఒకసారి ఆయన పెదాల మధ్య స్క్రూ పట్టుకుని పనిచేస్తూ, తుమ్మొచ్చి, దాన్ని గుటుక్కున మింగేశాడు. ఆ స్క్రూ నాదని మైకు పిన్ని తండ్రి, కాదు నాదేనని ఆయన. అది ఎవరిదో తేల్చుకోవడానికి మిగిలిన దారి ఇద్దరికీ నచ్చలేదు కాబట్టి తగువు అలాగే ఉండిపోయింది. మాటలు ఆగిపోయాయి. ఎదురెదురు కొట్లలో కూర్చుని, ఒకరి జుట్టు నెరవడం ఒకరు చూసుకుంటూ వచ్చారు. అసలైన వినోదమేమిటంటే, కొంతకాలంగా అదీ చూసుకోవడం లేదు.

ఆ సంగతి మైకు పిన్ని తన గడియారానికి పట్టీ మార్పించుకోవడానికి తూర్పువైపు కొట్టుకి వెళ్ళినప్పుడు కనిపెట్టింది. నాన్నతో మాటల్లేకపోయినా చిన్నప్పుడు తనని భుజాల మీద మోసిన ఆ బాబాయి తలెత్తి, ఆమె మొహంలోకి సూటిగా చూసి, "ఏం కావాలి బాబూ?" అన్నాడు. ఆమె పట్టీ సంగతి మర్చిపోయి తిరిగొచ్చేసింది.

మర్నాడు పొద్దున బండి ఇంటిముందే ఆగి ఉండగా ఆమె మైకు విప్పింది. మొగుడు తాళం తిప్పబోతూ ఆగాడు. మన వీధిలోనా అని అడిగాడు. మన వీధిలోనే అంది. మరి ఏ గొంతు, తలుపు మీద ఎన్ని దెబ్బలు కొట్టను అని అడిగాడు.

"ఏమీ కొట్టకండి. నెమ్మదిగా పోనివ్వండి చాలు."

ఎక్కడో తాళంచెవి దొరికింది, పోగొట్టుకున్నవాళ్ళు వచ్చి తీసుకోండి అని చెప్పేటప్పుడు ఎంత ఉప్పూ కారం లేకుండా చెబుతారో, అలా చెప్పింది.

"ఆడవాళ్ళకి గమనిక. బజారులో తూర్పువైపు గడియారాల మెకానిక్ గారు కంటికి ఆపరేషన్ చేయించుకున్నారు. ఇకమీదట వేలిగోరంత చేతి గడియారాలు కూడా ఆయన దగ్గర బాగుచేయబడును. పడమరవైపు కొట్టులో యథాప్రకారం పెద్ద గడియారాలు మాత్రమే."

కిటికీ వంక ఆమె తల తిప్పలేదు. బండి అద్దంలో మాత్రం చూసింది. పెదాల దాకా వెళ్ళిన కాఫీ గ్లాసు అక్కడే ఆగిపోయి ఉంది.

ఆ సాయంత్రం తీర్పు రాలేదు. ముసలాయన అన్నాల దగ్గర పచ్చడి గిన్నె అనుకుని మంచినీళ్ళ చెంబులో చెయ్యి పెట్టి, ఎవరూ చూడలేదనుకుని తుడుచుకున్నాడు. చేతులు కడుక్కున్నాక కూతురికి వినబడకూడదన్నట్టు అల్లుణ్ణి దగ్గరికి పిలిచాడు.

"ఏమయ్యా, రేపు బండికి పనుందా?"

"లేదు మామయ్యగారూ."

"ఆ డాక్టరమ్మ పొద్దున ఎన్నింటికి వస్తుంది?"

వంటింట్లో మైకు పిన్ని చేతిలో గరిటె గాలిలోనే ఉండిపోయింది. ఇప్పుడు ఒక్క మాట అంటే కొంప మునుగుతుందని ఆమెకి తెలుసు. నోరే బతుకుతెరువైన మనిషికి నోరు మూసుకోవడం ఎంత కష్టమో ఆ పూట తెలిసింది. ఏమీ వినబడనట్టు పంపు విప్పి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

ఈలోగా తూర్పువైపు కొట్టు దగ్గర ఇంకో గొడవ జరిగిందని తర్వాత తెలిసింది. వేలిగోరంత గడియారాలు పట్టుకుని ఆడవాళ్ళు బారులు తీరారు. స్క్రూ మింగినాయనకి విషయం అంతుపట్టలేదు. ఇన్నాళ్ళకి తన పనితనం లోకానికి తెలిసొచ్చిందనుకుని పొంగిపోయాడు. మొదటి గడియారం విప్పాక ఆ పొంగు చల్లారింది. లోపల ఆయనకి కనబడింది మబ్బు ఒకటే. "ఆపరేషన్ బాగా కుదిరిందా అండీ?" అని ఒకావిడ పరామర్శించింది. అవలేదంటే పరువు పోతుంది, అయిందంటే పని చేయాలి. ఆయన నీళ్ళు నమిలి, గడియారాలన్నీ తీసుకుని, వచ్చే వారం రమ్మని అందరినీ పంపేసి, కొట్టుకి తాళం వేసి, సందుల వెంట పడి కళ్ళాసుపత్రికి చేరాడు.

ఆసుపత్రి వార్డులో మైకు పిన్ని, తండ్రి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని బత్తాయి ఒలుస్తోంది. ఆపరేషన్ అయిపోయింది. ఆయన కుడికంటికి కట్టు, ఎడమకంట్లో పాత మబ్బు. అంతా చల్లగా జరిగిపోయిందనుకుంటూ ఉండగా, నర్సు ఇంకో కట్టు మనిషిని చెయ్యి పట్టుకుని తెచ్చి పక్క మంచం మీద పడుకోబెట్టింది. ఆ మనిషి ఎవరో చూసి మైకు పిన్ని చేతిలో బత్తాయి జారి మంచం కిందికి దొర్లిపోయింది.

వార్డు నిశ్శబ్దంగా ఉంది. కాసేపటికి ముసలాయన తల పక్కకి తిప్పి చెవి రిక్కించాడు.

"ఎవరిదండీ ఆ చేతి గడియారం? రోజూ కాస్త వెనకబడుతున్నట్టుంది."

"నా గడియారం వెనకబడదు," అంది పక్క మంచం. "నేనే బాగుచేసుకున్నాను."

"అందుకే వెనకబడుతోంది."

పక్క మంచం కిర్రుమంది. "ఒరేయ్. నువ్వట్రా?"

"నేనే. నీకు ఆపరేషన్ అయిపోయిందిగా, మళ్ళీ ఎందుకొచ్చావురా?"

"నాకెక్కడయిందిరా? ఇవాళే చేశారు. ఊళ్ళో ఆడవాళ్ళందరూ అయిపోయింది అయిపోయింది అంటూంటే, కాదనలేక వచ్చి చేయించుకున్నాను."

రెండు కట్లూ నెమ్మదిగా స్టూలు వైపు తిరిగాయి. స్టూలు మీద మనిషి లేదు. వంగి చెప్పులు వెతుక్కుంటోంది.

"నా మీద అబద్ధం ప్రకటిస్తావా తల్లీ," అన్నాడు స్క్రూ మింగినాయన అగ్గిమీద గుగ్గిలమై.

"అబద్ధమెక్కడుంది బాబాయ్? జరిగిందిగా. కాస్త ముందుగా చెప్పాను, అంతే."

అలా అంటూ కూడా మైకు పిన్ని ఆయన వంక చూడటం లేదు. తండ్రి కట్టు పీకేసుకుని లేచిపోతాడేమో అన్న భయంతో ఆయన చేతుల్నే చూస్తోంది. ఆ చేతులు దుప్పటి మీద కదలకుండా ఉన్నాయి.

"అది ఏ గొంతమ్మాయ్?" అని అడిగాడు చివరికి.

"ఏ గొంతూ కాదు నాన్నా. నీతో అనలేదు కదా. ఆడవాళ్ళతో అన్నాను."

ముసలాయన పొట్ట మీది దుప్పటి కదిలింది. నవ్వో కోపమో, కట్టు అడ్డమొచ్చి తెలియలేదు. "ఆ తూర్పు కొట్టు సంగతి వరకూ చెప్పి ఆపేసి ఉంటే, నేను కుర్చీలోంచి లేచేవాణ్ణి కాదు," అన్నాడు. "పడమర కొట్టులో యథాప్రకారం పెద్ద గడియారాలే అన్నావు చూడు. అక్కడ దింపావు." ఆ తర్వాత పక్క మంచం వైపు తిరిగి, ఇంతకీ ఆ స్క్రూ ఎవరిదని మొదలుపెట్టాడు. నర్సు వచ్చి ఇద్దరినీ గదమాయించేదాకా అది తెగలేదు. ఆమె వెళ్ళగానే గుసగుసగా మళ్ళీ అందుకున్నారు.

కట్టు విప్పిన రోజు డాక్టరమ్మ వేళ్ళు చూపించి ఎన్నని అడిగితే, ఆయన వేళ్ళు లెక్కపెట్టడం మానేసి వెనక నిలబడ్డ కూతురి వంక చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏమిటమ్మాయ్, జుట్టు ఇంత నెరిసిపోయింది? చెప్పనేలేదు," అన్నాడు.

ఈ కథ ఎవరైనా మైకు పిన్ని దగ్గర ఎత్తితే ఆమె వినేదాకా విని, చేతిలో పని ఆపకుండా ఒక్కటే చెబుతుంది.

"అంతా కట్టుకథ. నాన్న తనంతట తానే వెళ్ళాడు, వెళ్ళమని ఒక్కరు కూడా చెప్పలేదు. పక్క మంచంలో ఉన్నాయన ఎవరో పళ్ళ వ్యాపారి. ఆ వారమంతా నాకు గొంతు పోయింది, మైకు ముట్టుకుంటే ఒట్టు."